ఏటికి ఇవతల చావు లేదు

ఏటికి ఇవతల ఒక ఊరుంది. ఏటితో ఆ ఊరి పొలిమేర ఆఖరు. ఆ ఊళ్ళో వైద్యం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ దేశపు రాజు దయగలవాడు. దయగల రాజుల దగ్గర షరతులు కాస్త ఎక్కువగానే ఉంటాయి. వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఆ ఊళ్ళో అయిదు సంవత్సరాలు ఉంటే, సంవత్సరానికో వెండి సంచీ ప్రోత్సాహంగా ఇస్తానన్నాడు. షరతులు రెండే. ఊరి పొలిమేరలో చావు జరగకూడదు. పొలిమేర బయట ఉండగా వైద్యుడికి పొద్దు పొడవకూడదు. రెంటిలో ఏది తప్పినా అర్హత పోతుంది. అప్పటిదాకా తీసుకున్న సంచీలు కూడా తిరిగి ఇచ్చెయ్యాలి.

కొత్తగా పట్టా పుచ్చుకున్న ఒక పిల్ల ఒప్పుకుని వచ్చింది. ఆమె చదువు కోసం తండ్రి ఉన్న ఒక్క మడిచెక్కనూ తాకట్టు పెట్టాడు. ఇప్పుడు ఆ మడినే కూలికి దున్నుతున్నాడు. అయిదు సంచీలూ చేతికొస్తే మడి తాకట్టు నుంచి విడుదలవుతుంది. ఒక్కటి తగ్గినా కాదు. ఆమె ఈ లెక్క మనసులో పెట్టుకుని ఏరు దాటి ఊళ్ళోకి వచ్చింది.

మొదటి వానాకాలం ఊళ్ళో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఆమె ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాయించింది, ఉప్పూ బెల్లం కలిపి చెంచాతో తాగించింది, కూర్చున్నచోటే కునుకు తీసింది. ఒక్క పిల్ల కూడా పోలేదు. ఊరు ఆమెను మందులమ్మ అని పిలవసాగింది. అంత ఇష్టంగా ఆమెను అంతకుముందు ఎవరూ పిలవలేదు.

ఆ చలికాలంలో తొంభై దాటిన ఒక ముసలాయన మంచం పట్టాడు. ఆయనకు జబ్బేమీ లేదు, ఆయుష్షు అయిపోయింది, అంతే. ఆమె నాడి పట్టుకుని చూసింది. ఈ పూట గడిస్తే గొప్ప. అప్పుడు మొదటిసారి ఆమెకు భయం వేసింది. ముసలాయన పోతాడని కాదు. ఇక్కడ పోతాడని.

"ఏటి అవతల గాలి మంచిది. అక్కడి పాకలోకి తీసుకెళ్ళండి" అంది.

నలుగురు మోతగాళ్ళు మంచం ఎత్తారు. ముసలాయన గుమ్మం పట్టుకుని, "నా ఇంట్లో నన్ను పోనియ్యండ్రా" అన్నాడు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకెళ్ళారు. చీకటి పడకముందే అవతలి ఒడ్డున పోయాడు.

ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు రాజుగారి తనిఖీ అధికారి గుర్రమెక్కి వచ్చాడు. పొలిమేరలో చావులెన్ని అని అడిగాడు. ఒక్కటీ లేదంది. ఆయన మెచ్చుకుని వెండి సంచీ ఇచ్చి వెళ్ళాడు. ఆ రోజు ఆమె అన్నం తింది.

తప్పు మొదటిసారి చేసినప్పుడు అన్నం దిగదు. రెండోసారి చేసేనాటికి చేతికి ఆ పని అలవాటు. పాపం, ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది.

మొదట్లో గడియలో పోయేవాళ్ళనే అవతలికి పంపేది. తరవాత రేపు పోయేవాళ్ళను. ఆ తరవాత పోతారేమో అనిపించినవాళ్ళను. రోగి నాడి మీద వేళ్ళు పెట్టి, తన గుండె ఎంత కొట్టుకుంటోందో వినేది. మందు ఇస్తే బతుకుతాడా? బతకొచ్చు. తప్పకుండానా? తప్పకుండా అని ఏ వైద్యుడు చెప్పగలడు? అంతే, మంచం కదిలేది.

కొన్నాళ్ళు తనే పగటిపూట ఏరు దాటి, పాకలో ఉన్నవాళ్ళకు మందు వేసి వచ్చేది. ఒకనాడు తిరిగి వస్తుంటే నీళ్ళు ఒక్కసారిగా నడుం దాకా పెరిగాయి. ఇంకాస్త ఆలస్యమైతే అవతలే తెల్లారేది. ఆ తరవాత ఆమె ఏరు దాటలేదు. పాకలోకి వెళ్ళినవాళ్ళలో సగం మంది ఆమె చెయ్యి పడితే బతికేవాళ్ళే. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ కిటికీ మూసుకునేది.

ఊరికి కోపం రాలేదు. ఊరిది వేరే భయం. మోతగాళ్ళ పెద్ద ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"అమ్మకి అర్హత పోతే అమ్మెల్లిపోద్ది. అమ్మెల్లిపోతే మన పిల్లలకి మందిచ్చేవోళ్ళెవులు? అమ్మకి తెలీకుండా మనవే సూసుకోవాల."

అప్పటినుంచి మోతగాళ్ళే ఇంటింటి ముందూ చెవి ఒగ్గి వినేవాళ్ళు. ఎవరైనా మూడు రోజులు దగ్గితే నాలుగో రోజు మంచం సిద్ధం. జనం దిండు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం నేర్చుకున్నారు. తల్లులు పిల్లల నుదురు ముట్టుకుని, వేడిగా ఉంటే ఆ మాట పైకి అనేవాళ్ళు కాదు. మందులమ్మ గుమ్మం తొక్కేవాళ్ళు తగ్గారు. చివరికి ఎవరూ రాలేదు. మందుల అరల మీద బూజు పట్టింది.

తనిఖీ అధికారి నాలుగో సంచీ ఇస్తూ, "దేశం మొత్తం మీద ఇంత ఆరోగ్యంగా ఉన్న ఊరు లేదు" అన్నాడు. ఆమె ఔనన్నట్టు తల ఊపింది. ఊరు నిశ్శబ్దంగా ఉంది. అంత నిశ్శబ్దం ఆమెకు నచ్చలేదు, కానీ అడగడానికి భయం వేసింది.

అయిదో సంవత్సరం ముగియడానికి ఇంకా మూడు రోజులుందనగా ఆమెకు జ్వరం వచ్చింది.

అది ఏ జ్వరమో ఆమెకు తెలుసు. దాని మందు తన అరలోనే ఉంది. దంచి, కషాయం కాచి, పూటకు ఒకసారి తాగాలి. ఆమె లేవబోయి గోడ పట్టుకుని కూలబడింది. పొరుగింటామెను కేకేద్దామనుకుంది. అంతలోనే వద్దనుకుంది. వింటే మోతగాళ్ళు వస్తారు. ఆ సంగతి ఆ క్షణంలో అర్థమైంది ఆమెకు. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ దగ్గకపోవడం ఎందుకో కూడా అర్థమైంది. ఆమె దిండు తీసుకుని నోటికి అడ్డం పెట్టుకుంది.

కానీ జ్వరం మాట్లాడిస్తుంది. మర్నాటి మధ్యాహ్నం ఆమె పలవరింతలు పొరుగింటామె చెవిన పడ్డాయి. పొరుగామె ఏడుస్తూ వెళ్ళి మోతగాళ్ళకు చెప్పింది. నలుగురూ మంచం తెచ్చారు. మోతగాళ్ళ పెద్ద కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"బెంగెట్టుకోకమ్మా. ఇంత దూరం మోసుకొచ్చాం నీ లెక్క. రెండ్రోజుల కోసం సెడనిత్తామా?"

"పెద్దయ్యా, మందు అరలో ఉంది. ఎర్ర మూత సీసా. ఎవరైనా కాచి ఇవ్వండి చాలు."

"తాగితే బతుకుతావా అమ్మా?"

"బతుకుతాను."

"తప్పకుండానా?"

ఆమె నోరు తెరిచింది. అబద్ధమాడితే సరిపోయేది. కానీ ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పి ఉండలేదు. నోరు మూసుకుంది. మంచం కదిలింది.

ఒడ్డుకు వచ్చాక మోతగాళ్ళు ఆగిపోయారు. ఇటువైపు ఉంచితే, పోతే, మొదటి షరతు పోయింది. అటువైపు దింపితే, తెల్లారితే, రెండో షరతు పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నలుగురూ మోతగాళ్ళ పెద్ద మొహం చూశారు. ఆయన నీళ్ళలోకి దిగి ముందుకు నడిచాడు. ఏటి మధ్యలో ఆగాడు.

"ఇక్కడ నిలబడదాం" అన్నాడు. "ఇది ఇటూ కాదు, అటూ కాదు."

మంచం భుజాల మీద ఉంది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

పొద్దు వాలేవేళకు తనిఖీ అధికారి వచ్చాడు, ఆఖరి లెక్క చూసుకోవడానికి. గుర్రాన్ని నీళ్ళలోకి దింపి, మంచం పక్కన ఆపాడు. సంగతంతా విన్నాడు. షరతుల కాగితం విప్పి ముందూ వెనకా చదివాడు.

"ఇందులో ఏటి సంగతి లేదు" అన్నాడు. "పై వాళ్ళను అడగాలి."

"ఎన్నాళ్ళు పడద్ది బాబూ?"

"రానూ పోనూ రెండు రోజులు. అంతదాకా కదలకండి. కదిలితే కదిలినట్టు రాయాల్సి వస్తుంది."

మంచం మీద నుంచి ఆమె చెయ్యెత్తింది. "అయ్యా, నాకు సంచీలు వద్దు. తీసుకున్నవీ ఇచ్చేస్తాను. మడి పోతే పోనీ, మా నాన్నకు నేను చెప్పుకుంటాను. నన్ను ఇంటికి తీసుకెళ్ళమనండి. మందు అక్కడుంది."

మోతగాళ్ళు ఆశగా అధికారి వైపు చూశారు. ఆయన కూడా మనిషే. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"వద్దనుకునే హక్కు గడువు తీరిన తరవాతే అమ్మా. గడువులో ఉన్నవాళ్ళు అర్హులే" అన్నాడు.

గుర్రం నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"పెద్దయ్యా, నాకు భయంగా ఉంది" అంది ఆమె.

"మాకూ భయవేనమ్మా" అన్నాడు మోతగాళ్ళ పెద్ద. "నువ్వు మా వూళ్ళో కాలెట్టిన కాణ్ణించీ భయవే."

పైన కొండల మీద వాన మొదలైంది. నలుగురూ మంచాన్ని భుజాల మీంచి తలల మీదికి ఎత్తుకున్నారు.