తవుడుకు కొన్న బిడ్డ

నేను ఇంతకు ముందెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. నలుగురిలో నోరు పెగలనిదాన్ని, రాయడం ఇంకెక్కడిది? కానీ నీలాద్రిరావు డాక్టరు గారు పోయి చాన్నాళ్ళయింది. ఆయన్ని ఎరిగినవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అందుకని కూర్చున్నాను. ఈ కథలో ఆయా అని వచ్చినచోటల్లా అది నేనే అనుకోండి. అంతకు మించి నన్ను పట్టించుకోవద్దు. కథ నాది కాదు, వకుళ డాక్టరమ్మది. ఆమె మనసులో మాటలు తర్వాత్తర్వాత ఆమే చెప్పగా విన్నవి.

అప్పట్లో మా పిల్లలాసుపత్రి ఒక పెంకుటిల్లు. ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల మేడ లేచింది. పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తం చుక్క తీసి, అట్టముక్క మీద అద్ది, పెద్ద ఊరికి పంపుతున్నారట. రాబోయే జబ్బు ముందే తెలిసిపోతుందట. మంచిదే. ఆ రోజుల్లో అట్టముక్కలూ లేవు, యంత్రాలూ లేవు. ఫినాయిలు వాసన, కాగే పాల వాసన, వెనక టీ కొట్టువాడి గేదె. అది వార్డు కిటికీలోంచి తల పెట్టి చూసేది. డాక్టరు గారు ముందు దాన్ని "బాగున్నావా" అని పలకరించి, ఆ తర్వాతే పిల్లల్ని చూడడం మొదలెట్టేవారు.

వకుళ డాక్టరమ్మది కృష్ణా జిల్లా. చదువులో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. నీలాద్రిరావు గారి దగ్గర పని నేర్చుకోవాలని కోరి కోరి మా విజయనగరం వైపు వచ్చింది. చెయ్యి చురుకు, మాట చురుకు. వచ్చిన కొత్తలోనే ఆమెకు మా జనంతో పేచీ వచ్చింది. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరని.

ఒకనాడు గురువుగారినే అడిగేసింది.

"సార్, అబద్ధాలు చెప్పేవాళ్ళకి వైద్యం ఎలా చెయ్యాలి?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. "చూద్దాంలే అమ్మా" అన్నారు. అంతే.

తర్వాత ఆయన పల్లెల్లో టీకాల పని మీద వెళ్ళారు. ఆయన లేనప్పుడే పైడమ్మ వచ్చింది.

పైడమ్మ పచ్చి బాలింత. ఒళ్ళో పురుడైనా వెళ్ళని మగబిడ్డ. పక్కన అత్త గౌరమ్మ. అత్త అంటే పరాయిది కాదు, సొంత మేనత్తే. బిడ్డ కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. తాగిన పాలు తాగినట్టే కక్కుతున్నాడు. ఎత్తుకుంటే తడిగుడ్డలా వేలాడిపోతున్నాడు. ముక్కుకి చిన్న రాగి తీగ కుట్టి ఉంది. ఆ చోటు ఎర్రగా వాచి చీము పట్టింది.

వకుళ కంట పడింది ఆ తీగే.

"పురిటి బిడ్డకి ముక్కు కుట్టిస్తారా? అందులో మగపిల్లాడికి! ఏ సూదితో కుట్టారు?"

గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇళ్ళల్లో అలవాటు తల్లీ."

"మీ అలవాటు తగలెయ్య! ఆ పుండులోంచే విషం ఒళ్ళంతా పాకింది. ఇంతకు ముందు పిల్లలున్నారా?"

"ఎవులూ నేరమ్మా."

"పుట్టి పోయినవాళ్ళు?"

"నేదు తల్లీ, ఇదే తొలిసూలు."

పైడమ్మ తలెత్తలేదు. వకుళ గట్టిగా మళ్ళీ అడిగింది. గౌరమ్మ మళ్ళీ అదే చెప్పింది. వకుళ తీగ తీయించి, పుండు కడిగించి, సూదిమందు మొదలెట్టింది. వెళ్ళబోతూ పైడమ్మతో అంది, "పాలు మాత్రం మానొద్దు. ఏడ్చినా ఏడవకపోయినా రొమ్ము అందించు. బిడ్డకి తల్లిపాలను మించిన మందు లేదు."

మందు పడుతోంది. పుండు ఎండింది. బిడ్డ మాత్రం వాడిపోతున్నాడు. వకుళ మందు మార్చింది. పాలు చాలడం లేదేమోనని, పిండించి ఉగ్గుగిన్నెతో కూడా పట్టించింది. మూడోనాడు సాయంత్రానికి బిడ్డ ఏడుపు కూడా మానేశాడు.

మర్నాడు పొద్దెక్కాక డాక్టరు గారు వచ్చారు. వకుళ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. "ముక్కు పుండులోంచి వచ్చిందే సార్. మందు సరైనదే ఇస్తున్నాను. ఎందుకు తగ్గడం లేదో తెలియడం లేదు."

"మందు సరైనదే" అన్నారాయన. బిడ్డ పొట్ట తడిమారు. ముక్కు వంక చాలాసేపు చూశారు. "ముందు కాన్పులు?"

"లేవు సార్. పోయినవాళ్ళూ లేరు. గుచ్చి గుచ్చి అడిగాను."

ఆయన ముక్కాలిపీట లాక్కుని గౌరమ్మ పక్కన కూర్చున్నారు.

"ఏం గౌరమ్మా, ముక్కయితే కుట్టించీసేరు. మరి అమ్మీసేరా?"

"ఎక్కడ బాబూ! పురుడు ఎల్లకుండా ఎలాగమ్ముతాం? ఈలోగానే ఇలగైపోనాది కదా" అనేసి గౌరమ్మ నాలుక కరుచుకుంది.

వకుళ తెల్లబోయింది. బిడ్డని అమ్మడమేమిటి? పోలీసులకి కబురు పెట్టాలేమో అనుకుందట. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని నవ్విందో.

పై ఊళ్ళవాళ్ళకి తెలియదు గానీ, మా వైపు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే ఆ తర్వాత పుట్టినవాడికి ముక్కు కుట్టేవారు. చావు వచ్చి చూసి, వీడు చెడ్డ సరుకులే అని వదిలేసి పోవాలని. అంతటితో ఊరుకోక, చేటలో పెట్టి చారెడు తవుడుకి ఎవరికో అమ్మేసి, పరాయి బిడ్డని పెంచుకున్నట్టు మళ్ళీ తెచ్చుకునేవారు. తవుడు, తవిటమ్మ అని పేర్లు పెట్టేది అందుకే. ఇక పోయినవాళ్ళ ఊసు ఉన్నవాడి చెవిన పడనిచ్చేవారు కాదు. ప్రాణం పోయినా అనేవారు కాదు.

డాక్టరు గారు గౌరమ్మని ఒక్క మాట అనలేదు.

"సరే, నేను కొంటాను" అన్నారు.

"మీరా బాబూ!"

"ఏం, నాకమ్మవా? బేరం తవుడే కదా. నాసిరకం ఇవ్వను."

ఆయాని పిలిచారు. "టీ కొట్టువాడి గేదెనడిగి చారెడు తవుడు పట్రా. ఇమ్మని మర్యాదగా అడుగు, కుమ్ముతుంది. వంటింట్లో చేట ఉంటే అదీ తే."

"సార్, బిడ్డ చాలా..." అంది వకుళ.

"తెలుసమ్మా. అందుకే."

తవుడు వచ్చింది. ఆయన చేతులు చాపి తవుడు ఇస్తే గౌరమ్మ లేచి నిలబడి కొంగు పట్టింది. పైడమ్మ బిడ్డని చేటలో పెట్టింది. డాక్టరు గారు వంగి బిడ్డని ఎత్తుకుని భుజాన వేసుకున్నారు. పక్క మంచం దగ్గర మనవరాలికి కాపలా ఉన్న ముసలాయన, "మా బాబుగోరికి ఈ వయసులో కొడుకు పుట్టేడర్రా!" అన్నాడు. వార్డంతా నవ్వింది. పైడమ్మ నవ్వబోయి ఏడ్చింది.

"ఇంక ఈ గుంటడు నావోడు" అన్నారు డాక్టరు గారు. "మీకేటీ కాడు. మీ మాట వీడికి తగలదు. పైడమ్మా, ఇప్పుడు చెప్పు. నీ పిల్లలేమయ్యేరు?"

పైడమ్మ అత్త వంక చూసింది. గౌరమ్మ మొహం గోడకి తిప్పుకుంది. వద్దని మాత్రం అనలేదు.

"పెద్దోడూ ఇలాగే బాబూ. పుట్టినప్పుడు పండులాగుండేవోడు. పాలు తాగిన కాణ్నించే పాడైపోనాడు. పసుపైపోయి, కక్కీసుకుని. మధ్యలో నాకు జొరమొచ్చి పాలివ్వనేదు, ఉత్త పంచదార నీలు పట్టేరు. ఆ పూట కళ్ళు తెరిసి సూసేడు. బాగైపోనాడనుకున్నాం. మళ్ళీ పాలిచ్చేను. పోనాడు. రెండోదీ అంతే. ఊల్లో అందరూ నా పాలే ఇసమన్నారు. బయటోల్లే కాదు, ఇంట్లోనూ."

వకుళకి చటుక్కున గుర్తొచ్చింది. చదువుకునే రోజుల్లో ఎప్పుడో ఒక్క రాత్రి చదివి, పరీక్ష రాసి మరిచిపోయిన జబ్బు. పాలలోని చక్కెర ఒంట్లో ఇమడని జబ్బు. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ కూడా దిగివచ్చే జబ్బు. ఎవరూ చెప్పకుండానే లేచి పక్క గదిలోకి పరుగెత్తింది.

మామూలు చక్కెర చూసే కాగితం బిడ్డ ఉచ్చలో ముంచితే రంగు మారలేదు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆ ఉచ్చే నాలుగు చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద పట్టింది. నీలం పచ్చబడింది. పచ్చ పసుపైంది. చూస్తుండగానే ఇటుకరాయి రంగు తిరిగింది. చక్కెర ఉంది, కానీ మామూలు చక్కెర కాదు.

గొట్టం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. డాక్టరు గారు బిడ్డని జోకొడుతూనే అది చూశారు.

"పాలు ఆపెయ్యండి" అంది వకుళ.

రక్తం తీసి, ఖాయం చేసుకోవడానికి పెద్ద ఊరికి పంపారు. అది తేలేదాకా ఆగకుండా పాలు ఆపి, సెలైను పెట్టారు. సూదిమందు మానలేదు. విశాఖపట్నం నుంచి వచ్చే బస్సు డ్రైవరుకి కబురంపితే సాయంత్రానికి పాలకి బదులు కలిపి పట్టే సోయా పొడి డబ్బా వచ్చింది.

గౌరమ్మ మెల్లగా డాక్టరు గారి దగ్గరికి వచ్చింది. "అయితే దాని పాలు ఇసమేనా బాబూ?"

"నీ కోడలి పాలు బంగారం. వీడి ఒంట్లో పాలని అరిగించే సరుకొకటి లేదు. ఆవుపాలూ పడవు, మేకపాలూ పడవు. దానికి పైడమ్మ ఒక్కర్తే కారణం కాదు. నీ కొడుకూ అంతే. మీ పుట్టింటి రక్తమే రెండు దారుల్లో వచ్చి వీడిలో కలిసింది."

గౌరమ్మ వెళ్ళి వరండాలో కూలబడింది.

ఆ బిడ్డ బతికాడు. తవిటినాయుడు అని పేరు పెట్టారు. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నన్ను ఎక్కించుకుంటే డబ్బులు పుచ్చుకోడు. టీ తాగుదాం రా పిన్నీ అంటాడు, తను మాత్రం పాలు లేకుండా తాగుతాడు.

పాలు ఆపిన ఆ సాయంత్రం గురువుగారు చేతులు కడుక్కుంటుంటే వకుళ తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"సార్, నేనూ అదే అడిగాను కదా. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన గోళ్ళలో ఇరుక్కున్న తవుడు తీసుకుంటున్నారు.

"నువ్వడిగినప్పుడు బిడ్డ వాళ్ళ ఒళ్ళో ఉన్నాడమ్మా" అన్నారు.

మర్నాడు ఉదయం ఆయా వార్డు ఊడుస్తుంటే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అంత చక్కని ఏడుపు ఆ ఆసుపత్రిలో ఎవరూ విని ఉండరు. వకుళ డాక్టరమ్మ అందరికంటే ముందు వచ్చింది. బిడ్డని చూసింది, సెలైను తీయించి, ఉగ్గుగిన్నెతో తనే నాలుగు గుక్కలు సోయాపాలు పట్టింది. తర్వాత ఆయా చేతికిచ్చి, "కాస్త ఎండలో తిప్పి తీసుకురా. దూరంగా, ఆ గేటు దాకా వెళ్ళు" అంది.

ఆయా గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. వరండాలో డాక్టరమ్మ చెప్పులు విప్పేసి, గౌరమ్మ పక్కన నేలమీద కూర్చుంది. ఏమీ అడుగుతున్నట్టు లేదు. ఊరికే కూర్చుంది.

చాలాసేపటికి గౌరమ్మ కదిలింది. రెండు చేతులూ ఎడంగా పట్టుకుని ఏదో చూపిస్తోంది, పెద్దోడు ఇంతే ఉండేవోడు అన్నట్టు. డాక్టరమ్మ ఆ చేతుల మధ్యకే చూస్తూ కూర్చుంది.