సెలవు చీటీ మీద రెండో సంతకం

ఒకానొక ల్యాబులో డైరెక్టరు మాటే శాసనం. ఆయన కొనిపించిన సాఫ్ట్‌వేరు పీసీఆర్ పరీక్షకు ప్రైమర్లను, అంటే డీఎన్‌ఏ మీద ఒకే చోట అతుక్కోవాల్సిన చిన్న ముక్కలను, రూపొందించేది, తనే సరిచూసి "భేషుగ్గా ఉన్నాయి" అనేది. తీరా పరీక్ష చేస్తే ఒక్క గీత రావాల్సిన చోట మూడు గీతలు తేలేవి.

"తప్పు నీ చేతిదే, మళ్లీ చెయ్యి!" అంటూ ఆయన టెక్నీషియన్ పైడితల్లిని నెల్లాళ్లుగా అరగదీస్తున్నాడు. వేరే సాఫ్ట్‌వేరుతో సరిచూద్దామంటే కసిరేవాడు.

ఒళ్లు హూనమైన పైడితల్లి ఒకరోజు సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టింది. "మంజూరు చేయడమైనది" అన్న మాట కింద కూడా తన సంతకమే.

"సెలవు అడిగేదీ నువ్వే, ఇచ్చేదీ నువ్వేనా?" మండిపడ్డాడు డైరెక్టరు.

"మీ సాఫ్ట్‌వేరు చేస్తున్నదీ అదే కదండీ," అంది పైడితల్లి నీరసంగా.

ఆ సాయంత్రమే ప్రైమర్లు ఇంకో సాఫ్ట్‌వేరు ముందుకెళ్లాయి. అవి మూడు చోట్ల అతుక్కుంటున్నాయని అది తేల్చింది.

డైరెక్టరు చీటీ అందుకుని, మంజూరు కింద ఉన్న ఆమె సంతకం కొట్టేసి, ఆ రెండో సంతకం తను పెట్టాడు.