శాలువా కప్పిన కంప్యూటర్

పరాంకుశంగారికి సన్మానాలంటే ప్రాణం. వచ్చిన శాలువాల్లో జరీ అంచుదాన్ని, దుమ్ము పడకుండా, ఇంట్లో కంప్యూటర్ డబ్బాకి కప్పి ఉంచేవారు. అది నడుస్తున్నా తీసేవారు కాదు.

వేసవి ముదిరేసరికి కంప్యూటర్ రోజూ ఉన్నట్టుండి నీలం తెర చూపించి ఆగిపోసాగింది. "వంటమనిషి నూకాలు తడిచేత్తో తుడిచి పాడుచేసింది!" అని ఆయన వీధంతా చాటారు. కుళాయి దగ్గరికి వెళ్ళడానికి కూడా నూకాలుకు మొహం చెల్లలేదు.

ఆ రోజు మళ్ళీ నీలం తెర పడగానే ఆమె శాలువా కింద చెయ్యి పెట్టింది. పెనంలా చురుక్కుమంది. వెంటనే ఫ్యాను కట్టేసి, కునుకు తీస్తున్న పరాంకుశంగారికి ఆ శాలువానే మెడదాకా కప్పింది.

కాసేపటికి ఆయన చెమటలు కక్కుతూ లేచారు. "ఉడికిపోతున్నానే! చంపుతావా?"

"దుమ్ము పడుతుందని కప్పాను బాబుగారూ. మీరు కాబట్టి అరిచారు. పాపం, దానికి నోరు లేదు."

శాలువా తీసేశాక కంప్యూటర్ సాయంత్రందాకా ఆగకుండా నడిచింది. పరాంకుశంగారికి తల కొట్టేసినట్టయింది. వీధివాళ్ళను తనే పిలిచి, తలొంచుకుని తప్పు ఒప్పుకున్నారు. ఆ శాలువాతోనే నూకాలును సన్మానించబోయారు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు బాబుగారూ! అసలే ఎండాకాలం."