నూట పదమూడో వరస

వకుళకు ఏడుపు కూడా రావడం మానేసింది. ఆరేళ్ళు! ఆరేళ్ళంటే మాటలా?

జీవకణం లోపలికి బయటి కబురు మోసుకెళ్ళే ఒక ప్రోటీన్ మీద ఆమె పరిశోధన. పిండి పులియబెట్టే ఈస్టు మొదలు మనిషి దాకా నూట పన్నెండు జీవుల్లో ఆ ప్రోటీన్ అక్షరాలను, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరాన్ని, జీవికో వరస చొప్పున కంప్యూటర్ చేత ఒకదాని కింద ఒకటి పేర్పించింది. మిగతావి ఎటు మారినా, ఒక్కచోట మాత్రం అందరిదీ ఒకటే అక్షరం. ఎందుకో తేల్చేద్దామని ఈస్టులో ఆ ఒక్క అక్షరం మార్చి, మూత ఉన్న చిన్న ల్యాబ్ ప్లేట్లలో పెంచబోయింది. అదీ ఆమె చేసుకున్న పాపం. పెట్టిన ప్లేటల్లా ఖాళీ.

ఆ ఉదయం నలభయ్యో ప్లేటు కూడా చెత్తసంచిలో పడేసింది. సంచి మూతి బిగించి ముడేసింది. రాజీనామా కాగితం పట్టుకుని గురువు మస్తానయ్య గారి గదికి వెళ్ళింది.

“నా చేతిలో ఏదీ బతకదు సార్. కమిటీ వాళ్ళు ఫలితం ఏదమ్మా అంటున్నారు. ఏం చూపించను, నా మొహమా?”

ఆయన కాగితం అందుకోలేదు. “అక్షరం మార్చని ఈస్టు పెట్టావా?”

“పక్కనే పెట్టాను సార్. అది చక్కగా పెరుగుతోంది. మార్చిందే, ఎన్నిసార్లు పెట్టినా చచ్చిపోతోంది.”

మస్తానయ్య గారు లేచి ల్యాబ్‌లోకి నడిచారు. గ్లౌజులు తొడుక్కుని, సంచి ముడి విప్పి, ఒక ప్లేటు తీశారు. నూట పన్నెండు వరసల ప్రింటు బల్ల మీద పరిచి ఉంది. దాని అడుగున, చివరి వరస కింద ఆ ప్లేటు పెట్టారు.

“పైనున్న వాళ్ళెవరమ్మా?”

“ఈస్టు, ఈగ, చేప, కోడి, మనిషి...”

“వీళ్ళలో పిల్లల్ని కనకుండానే పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“ఎలా ఉంటారు సార్? అలా పోయినవాళ్ళు మన దాకా...”

వకుళ వేలు అన్ని వరసల్లోనూ ఒకటిగా ఉన్న ఆ అక్షరం మీద ఆగింది.

“ఇది నూట పదమూడో వరస, ఆ అక్షరం మారి మన దాకా రాలేకపోయిన వాళ్ళది. పేరు రాయి,” అని ఆయన తన గదికి వెళ్ళిపోయారు.

వకుళ ఆ ఖాళీ ప్లేటు వంకే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఏడుస్తూనే మిగతా ప్లేట్లన్నీ సంచిలోంచి ఒక్కొక్కటే బయటికి తీసింది. రాజీనామా కాగితం తిరగేసి, వాటి పేర్లు రాయసాగింది.