నాంచారు విప్పిన నల్ల తీగ

దగ్గరికి జరుగు బుజ్జీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో పానకాలయ్య అని ఒక పెద్దమనిషి. ఊరు మొత్తానికీ ఒకటే కారు, అది ఆయనదే. ఆయనకేమో చెడ్డ చాదస్తం. పంచాంగం చూడనిదే పక్కింటికి కూడా పోడు. ఇక కారు సంగతి చెప్పాలా! మంచిరోజు కుదిరితేనే తీసేవాడు. లేదంటే నెలలకి నెలలు పాకలోనే, పసుపు బొట్లు పెట్టించుకుని, నిమ్మకాయలు కట్టించుకుని పడి ఉండేది.

అలా పెడితే బ్యాటరీ ఊరుకుంటుందా? ఒకసారి పెళ్ళికి బయల్దేరితే కారు కదల్లేదు. ఆ తర్వాత తిరునాళ్ళకి బయల్దేరితే కదల్లేదు. ఆ తర్వాత వియ్యాలవారి ముందే మొరాయిస్తే, ఎడ్లని కట్టి లాగించారు. ఊరంతా పగలబడి నవ్వింది. "దిష్టి తగిలింది" అని పానకాలయ్య ఇంకో గుమ్మడికాయ కొట్టించాడు.

ఆయన కోడలు నాంచారు. మొగుడు లారీ డ్రైవరు, పెళ్ళైన కొత్తలోనే ఆమెకి బండి నేర్పాడు. స్టీరింగు పట్టుకుంటే చాలు, ఆ పిల్లకి పండగే. "దిష్టీ లేదు, గిష్టీ లేదు మామయ్యా. ఊరికే నిలబెడితే బ్యాటరీ దిగిపోతుంది. వారానికోసారి అరగంట తిప్పితే మళ్ళీ నిండుతుంది" అంది. అని ఊరుకుందా? వారం వారం కాలవగట్టు మీద తిప్పుకొచ్చేది. దిగేముందు లైట్లు ఆపానా, రేడియో ఆపానా అని చూసుకునేది.

అప్పుడు మూఢం వచ్చింది. "మూఢంలో బండి తీస్తావా? ఇంక జన్మలో దాన్ని ముట్టుకోకు. తాళంచెవి ఇటివ్వు!" అన్నాడు మామ.

నాంచారుకి కడుపు మండిపోయింది. ఇస్తాను గానీ బండిని చావనివ్వను అనుకుంది. ఆయన కళ్ళముందే బానెట్ ఎత్తి, పానా పెట్టి, బ్యాటరీకున్న నల్ల తీగ విప్పేసింది. "తీగ ఊడితే కరెంటు ఎటూ పోదు. బండి తీసేటప్పుడు నన్ను పిలవండి, బిగిస్తా" అంది. "నిన్ను పిలవడమా? ఎంత పొగరు!" అన్నాడాయన.

మూఢం సగంలో ఉండగా ఒక పొద్దున్న, గడ్డివాము దగ్గర అత్తగారు తిరపతమ్మని పాము కరిచింది. ఆసుపత్రేమో పట్నంలో. పానకాలయ్య పంచాంగం తీశాడు. "ఇప్పుడు వర్జ్యమే..." అన్నాడు.

"ఆ పాము వర్జ్యం చూసుకునే కరిచిందా? తియ్యి బండి!" అని అరిచింది తిరపతమ్మ.

అప్పుడు ఆయన పరిగెత్తి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. మూడోసారీ తిప్పాడు. కిక్కురుమనలేదు. కంగారులో ఆ నల్ల తీగ సంగతే మరిచిపోయి, "చచ్చింది" అని తల పట్టుకున్నాడు.

"లేవండి మామయ్యా" అంది నాంచారు. పానా తెచ్చి నల్ల తీగ బిగించింది. ఒక్క తిప్పుకే బండి బుర్రుమంది. ఇక చూస్కో, కాలవగట్టు మీద దుమ్ము లేచిపోయింది! వేళకి సూదిమందు పడింది, తిరపతమ్మ బతికింది.

ఇంటికొచ్చాక పానకాలయ్య తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"ఇవ్వను. అత్తయ్యని బతికించడానికి పనికొచ్చినదాన్ని, బండి నడపడానికి పనికిరానా?" అంది నాంచారు.

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. "నా వైపు చూస్తారేం? అది ఇస్తానన్నా నేను ఇవ్వనివ్వను" అంది తిరపతమ్మ.

ఆ తర్వాత ప్రతి వారం, మూఢమైనా ముసురైనా, కోడలు స్టీరింగు దగ్గర, అత్త పక్క సీట్లో. మామగారికి రావాలని ఉంటే వెనక సీటు ఉంది. తలుపు మాత్రం ఆయనే తీసుకోవాలి.

కథ కంచికి కారేసుకుని,
మనం నిద్రలోకి దుప్పటేసుకుని.