రేవు గంటలో రెండు వంతుల తగరం

అనగా అనగా, ఒక ఏటి ఒడ్డున ఒక పేట. దాని పేరు మూసలపేట. మూస అంటే రాగీ ఇత్తడీ కరిగించే మట్టి కుండ, అమ్మలూ. ఆ పేటలో ఇంటికో కొలిమి, కొలిమికో మూస. అందుకని ఆ పేరు. మధ్యలో ప్రశ్నలు మాత్రం వెయ్యకు. నేను బడికి వెళ్ళింది మొత్తం రెండు రోజులు, అందులో ఒకటి ఆదివారం. రాగి ఏదో ఇత్తడి ఏదో నాకు తెలిసిందంతా అంట్లు తోమి నేర్చుకున్నదే. ఊఁ కొడుతూ విను.

ఆ పేటలో ఇద్దరు తోడల్లుళ్ళు ఉండేవాళ్ళు. అంటే అక్కని ఒకడూ చెల్లెల్ని ఒకడూ చేసుకున్నారన్నమాట. అక్క పైడమ్మ మొగుడు భూషణాచారి. చెల్లెలు వరహాలు మొగుడు సన్యాసాచారి. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. గోడకి అవతల భూషణాచారి గంటలు పోసేవాడు. ఇవతల సన్యాసాచారి ఇత్తడి బిందెలు కొట్టేవాడు.

సన్యాసాచారి బిందె అంటే అల్లాటప్పా బిందె కాదు. పసుపు రాసినట్టు పచ్చగా మెరిసేది. నడుం మీద పెడితే చంటిపిల్లలా ఒదిగిపోయేది. చెయ్యి జారి రేవు మెట్ల మీద దొర్లినా సొట్ట పడేదే గానీ పగిలేది కాదు. చుట్టుపక్కల ఏడూళ్ళ ఆడవాళ్ళు ఆ బిందెలతోనే నీళ్ళు మోసేవాళ్ళు.

అయినా సన్యాసాచారికి కడుపులో ఒకటే మంట. బిందె కింద పెడితే ఎవరూ తలెత్తి చూడరు. గంట మోగితే అందరూ తలెత్తి చూస్తారు. అదీ ఆయన ఏడుపు.

పక్కింట్లో కొత్త గంట ఒక్కసారి ణంగుమంటే చాలు, ఇక్కడ ఈయనకి కూరలో ఉప్పు తక్కువయ్యేది. భూషణాచారి పెరట్లో ఆనపపాదు కాసిందంటే ఈయన రెండు పాదులు పెట్టేవాడు. భూషణాచారికి జలుబు చేసి ఊరంతా పలకరించి వెళ్ళారని తెలిస్తే, ఈయన దగ్గు తెచ్చుకుని మంచం ఎక్కేవాడు. ఎవరూ రాకపోతే సాయంత్రానికి తనే లేచి కూర్చునేవాడు.

ఒక పుష్యమాసంలో ఏటి మీద మంచు దుప్పటి కప్పినట్టు కమ్మేసింది. రేవు ఎక్కడుందో కనపడక ఒక పడవ బండలకి కొట్టుకుంది. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి గానీ అందరూ పీకల దాకా తడిశారు. అప్పుడు పేట పెద్దలు ఒకచోట కూర్చున్నారు. రేవులో పెద్ద గంట ఒకటి కడదాం, మంచు పట్టినప్పుడు దాన్ని మోగిస్తే ఆ చప్పుడు పట్టుకుని పడవ ఒడ్డుకి వస్తుంది అనుకున్నారు.

అనుకుని, తిన్నగా భూషణాచారి ఇంటికి బయల్దేరారు. సన్యాసాచారి గుమ్మం దాటుకునే వెళ్ళాలి. ఒక్కరూ ఆగలేదు. ఒకాయన మాత్రం ఆగి, దాహమడిగి, ఇత్తడి చెంబుతో నీళ్ళు తాగి, చెంబు బాగుందయ్యా అని మెచ్చుకుని మరీ పక్కింటికి వెళ్ళాడు. ఆగని వాళ్ళ కన్నా ఆగినాయన మీదే సన్యాసాచారికి ఎక్కువ మండింది.

అప్పుడు ఆయన ఉండబట్టలేక వాళ్ళ వెనకే వెళ్ళి, ఆ గంట నేనూ పోస్తానన్నాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భూషణాచారి మాత్రం చిన్నగా నవ్వాడు. ఏదో మంచికే నవ్వి ఉంటాడు. కానీ ఆ నవ్వు చూశాక సన్యాసాచారి నోరు ఆయన చేతిలో లేదు.

"నెలరోజుల్లో రెండు గంటలూ రేవులో కడదాం. ఏది బాగుంటే అది ఉంచండి. ఓడినవాడు సొంత కొలిమి ఆర్పేసి, గెలిచినవాడి కొలిమి దగ్గర కూర్చుని బతికినన్నాళ్ళూ తిత్తి ఊదాలి," అన్నాడు.

తిత్తి అంటే కొలిమిలో నిప్పు రాజెయ్యడానికి గాలి కొట్టే తోలుసంచి. పని కొత్తగా నేర్చుకునేవాళ్ళని ముందు దాని దగ్గరే కూర్చోబెడతారు. యాభై ఏళ్ళ పనివాడు, ఏడూళ్ళకి బిందెలు చేసినవాడు, మళ్ళీ తిత్తి దగ్గర కూర్చోవడమంటే ఇంకేముంది? ఎందుకు తమ్ముడూ ఇదంతా, అన్నాడు భూషణాచారి. కానీ పదిమందిలో మాట పడ్డాక ఆయన మాత్రం వెనక్కి ఎలా తగ్గుతాడు? సరేనన్నాడు.

మొదట సన్యాసాచారి తనకి వచ్చిన ఇత్తడితోనే గంట పోశాడు. ఏడు వంతులు రాగి, మూడు వంతులు తుత్తునాగం. ఎర్రటి రాగిలో ఆ బూడిదరంగు తుత్తునాగం కరిగిందంటే బంగారంలా పచ్చబడుతుంది చూశావూ, అదే ఇత్తడి. గంట పెళ్ళికూతురిలా వచ్చింది. మురిసిపోయి ఒక్కటి కొట్టాడు. టంగుమంది. అంతే, అక్కడే ఆగిపోయింది. వంటింట్లోంచి వరహాలు పరిగెత్తుకొచ్చి, ఏ బిందె పడేశారని అడిగింది.

ఆయన తిన్నగా మూస దగ్గరికి నడిచాడు. గంట కరిగించేశాడు.

ఆ తర్వాత గోడ మీంచి తొంగి చూడడం మొదలుపెట్టాడు. మునివేళ్ళ మీద నిలబడితే ముక్కు దాకా అందేది గోడ. రెండు రోజులు చూసినా ఏమీ తెలియలేదు. మూడో రోజు పైడమ్మ పెరట్లోకి వచ్చింది. ఎప్పుడూ వెండి పట్టీలు ఘల్లుఘల్లుమనిపిస్తూ నడిచే వదిన, ఆవేళ పిల్లిలా చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. కాళ్ళకి పట్టీలు లేవు.

అప్పుడు సన్యాసాచారికి జ్ఞానోదయమైపోయింది. వదిన కాళ్ళలో చప్పుడు పోయిందంటే అది గంటలోకే పోయిందన్నమాట. వెండి కలుపుతున్నాడు దొంగ, అనుకున్నాడు.

తిన్నగా వెళ్ళి వరహాలుని పట్టీలు అడిగాడు. అవి వాళ్ళమ్మ పెట్టినవి. వరహాలు మొగుడి మొహంలోకి చూసింది. తన కాళ్ళకేసి చూసుకుంది. కింద కూర్చుని ఒక్క కాలి పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది మీ గంటకి. రెండోది నా దగ్గరే ఉండనివ్వండి, మీ తెలివికి గుర్తుగా," అంది.

ఈసారి మేలైన ఎర్రరాగి కరిగించి అందులో ఆ పట్టీ వేశాడు. గంట పోసి, చల్లారాక కొట్టాడు. దబ్ మంది. గుమ్మడికాయ మీద కొట్టినట్టు. పైగా గంట లోపల వేలాడే నాలుక తగిలిన చోట అంచు సొట్టపోయింది. రాగి మెత్తన కదా, తీగలాగడానికి పనికొస్తుంది, కాగు చేసి నీళ్ళు కాచుకోడానికి పనికొస్తుంది, ఒట్టి రాగి మోగమంటే మోగుతుందా? ఆ కాస్త వెండీ దాంట్లో కలిసిపోయింది. వరహాలు పట్టీ ఇంక వరహాలుకి లేదు.

మర్నాడు వరహాలు అక్కగారింటికి వెళ్ళింది. ఒక కాలు ఘల్లుమంటే ఒక కాలు ఊరుకుంటోంది. అదేమిటే ఆ నడక, అని అడిగింది పైడమ్మ. చెల్లెలు జరిగింది చెప్పింది. పైడమ్మ నవ్వలేక చచ్చింది. కాళ్ళు వాచాయని తీసి గూట్లో పెట్టుకుంది గానీ, తన పట్టీలు గంటలో వెయ్యడమేమిటి? పిచ్చి మొహమా, గంటకి నాలుగు వంతులు రాగి, ఒక వంతు తగరం, మరిది నోరు తెరిచి అడిగితే ఆయనే చెప్పేవారు కదా, అంది.

ఆ మాట వరహాలు ఇంటికొచ్చి చెప్పింది. సన్యాసాచారి నమ్మలేదు. తగరమా? చారుగిన్నె లోపల పూసే తగరమా? పేటలో ఇత్తడి గిన్నెలన్నిటికీ నెలనెలా కళాయి పోసేది ఆయనే. కళాయి లేకపోతే పులుసు చిలుమెక్కి కడుపులో తిప్పేస్తుంది కదా. ఆ తగరం కడ్డీలు ఆయన నెత్తి మీది అటక మీదే ఉన్నాయి. మెత్తటిది, గోరుతో గీస్తే గీత పడేది. మెత్తటి రాగీ మెత్తటి తగరమూ కలిస్తే గట్టి కంచు ఎలా అవుతుందో నన్నడక్కు. అవుతుంది. అంతే.

సరే, వేరే దారి లేక ఒప్పుకున్నాడు. కానీ అమ్మలూ, ఆయన కడుపులో మంట ఉంది చూశావూ, అది అంత తేలిగ్గా ఊరుకుంటుందా? అంత గొప్ప గుట్టు ఊరికే ఎవరు చెబుతారు, నేనైతే చెబుతానా, అని ఆలోచించుకున్నాడు. చెప్పనని తేలింది. కాబట్టి వాళ్ళూ నిజం చెప్పి ఉండరు. ఒక వంతు అన్నారంటే రెండు ఉండాలి. రెండు వంతులు వేశాడు.

ఆ గంట వెండిలా తెల్లగా వచ్చింది. తోమేకొద్దీ అద్దంలా అయింది. సన్యాసాచారి అందులో చూసుకుంటూ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. గోటితో మెల్లిగా మీటాడు. తేనెటీగ పాడినట్టు సన్నగా, తియ్యగా పలికింది. గట్టిగా కొట్టి చూద్దామా అనుకున్నాడు గానీ, గోడ అవతల భూషణాచారి వింటే తనూ అలాంటిదే పోసేస్తాడేమోనని భయపడ్డాడు. గుడ్డ చుట్టి దాచేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారింది గానీ మంచుకి పక్కనున్న మనిషి కనపడడం లేదు. పేటంతా రేవులోనే ఉంది. పడవ నడిపే గురువులు అనేవాడు నడి ఏట్లోకి వెళ్ళి ఆగాడు. గంట వినపడితే ఓయ్ అనాలని చెప్పి పంపారు.

ముందు భూషణాచారి గంట కట్టారు. గోధుమరంగులో, మెరుపూ గిరుపూ లేకుండా, బోర్లించిన కుండలా ఉంది. మూడుసార్లు కొట్టారు. ఆ మోత నీళ్ళ మీద పాకుకుంటూ పోయింది. కాసేపటికి మంచులోంచి, ఓయ్, అని వినపడింది.

అప్పుడు సన్యాసాచారి తన గంట కట్టి దాని మీద గుడ్డ తీశాడు. అందరూ తలెత్తి చూశారు. ఇన్నేళ్ళకి తనకోసం అందరూ తలెత్తి చూశారు. ఎవరి చేతా కొట్టించకుండా తనే కొయ్యసుత్తి తీసుకుని ఒకటి కొట్టాడు. ఆ చప్పుడికి ముసలివాళ్ళకి కూడా ఒళ్ళు జలదరించింది. నడి ఏట్లోంచి, ఓయ్ ఓయ్, అని గురువులు రెండుసార్లు అరిచాడు.

సన్యాసాచారి గంటకేసి చూడలేదు. గురువులు ఉన్నవైపు చూడలేదు. భూషణాచారి మొహంకేసి చూశాడు. ఆ మొహం పాలిపోయింది. ఆహా, ఎన్నేళ్ళ ఆకలి తీరిందో. అది ఇంకొక్కసారి చూడాలనిపించింది. అక్కడితో ఆపి ఉంటే గెలిచేవాడు. ఆ మొహం కోసమే, బలం కొద్దీ రెండో దెబ్బ వేశాడు.

గంట పింగాణీ పళ్ళెంలా ముక్కలై రాలిపోయింది.

తగరం ఎక్కువైతే అంతే. మెరుపు వస్తుంది, పెళుసుతనం వస్తుంది.  ఆడపిల్లలు వంగి అద్దాల్లాంటి ఆ ముక్కలు ఏరుకుని బొట్టు సరిచూసుకున్నారు. సన్యాసాచారికి కాళ్ళ దగ్గర ముక్కముక్కలోనూ ఒక సన్యాసాచారి కనపడ్డాడు. ఒక్కడూ మీసం దువ్వుకోవడం లేదు.

మర్నాడు పొద్దున్నే తన కొలిమిలో నీళ్ళు పోశాడు. మాటంటే మాటే కదా. సుత్తి ఒకటి అలవాటు కొద్దీ చేతిలో ఉండిపోయింది, దాంతోనే గోడ చుట్టూ తిరిగి పక్కింటికి నడిచాడు. వరహాలు వెనకాలే వెళ్ళింది. ఆ ఒక్క పట్టీ ఘల్లుమంటూనే ఉంది. ఆ చప్పుడే ఎక్కువ కష్టంగా ఉంది ఆయనకి.

భూషణాచారి ఇంట్లో లేవలేదింకా. సన్యాసాచారి కొలిమి వెనక్కి వెళ్ళి తిత్తి పక్కన కూర్చోబోయాడు. అక్కడ తాటాకు చాప కప్పిన గుట్ట ఒకటి అడ్డంగా ఉంది. కాస్త చోటు కోసం చాప పక్కకి లాగాడు.

కింద బిందెలు. ఇత్తడి బిందెలు. ఒకటి మెడ దగ్గర పగిలింది. ఒకటి కడుపు దగ్గర చీలింది. ఒకటి అడుగు ఊడింది. లెక్కపెట్టాడు, ఇరవై మూడు. అన్నిటికీ ఆ నడుం ఒంపు ఎవరిదో కాదు, తనదే. తన బిందె ఎదురుగా పెట్టుకుని చూస్తూ కొట్టినవే అన్నీ.

వెనక భూషణాచారి వచ్చి నిలబడ్డాడు. తలెత్తలేదు.

"ఆరేళ్ళ నుంచి, తమ్ముడూ," అన్నాడు. "నువ్వు వేసే వంతులే వేశాను. సగం కొట్టేసరికి పగిలిపోతోంది. మీ వదిన రోజూ నువ్వు చేసిన బిందె ఎత్తుకుని నా ముందునుంచే నీళ్ళకి వెళ్తుంది. నాకెలా ఉంటుందో నీకేం తెలుసు."

సన్యాసాచారికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, అమ్మలూ?

ఆయన ఒక బిందె చేతిలోకి తీసుకుని చూశాడు. చూడగానే అర్థమైంది. ఇత్తడిని కొట్టేకొద్దీ బిగుసుకుపోతుంది. నాలుగు దెబ్బలు వేసి మళ్ళీ నిప్పులో పెట్టి కాల్చి చల్లారనివ్వాలి, అప్పుడు మళ్ళీ ముద్దలా మెత్తబడి చెప్పినట్టు వింటుంది. భూషణాచారి కాల్చకుండా ఏకబిగిన కొట్టేశాడు. ఇది వరహాలుకి కూడా తెలుసు. గోడ మీంచి ఒక్క మాట అడిగితే చెప్పి ఉండేవాళ్ళు.

ఆరేళ్ళుగా ఇద్దరూ ఆ గోడకి అటొకరు ఇటొకరు. సన్యాసాచారి కడుపులోకి చల్లటి మజ్జిగ దిగినట్టయింది. ఎందుకు పగులుతోందో నాకు తెలుసు అన్నాడు. చెప్పవా అని అడిగాడు భూషణాచారి, గెలిచినవాడై ఉండి చేతులు నలుపుకుంటూ.

సన్యాసాచారి తిత్తికేసి చూశాడు. భూషణాచారికేసి చూశాడు.

"చెబితే రాదు అన్నయ్యా, చేసి చూపించాలి," అన్నాడు. "సుత్తి నా చేతిలో ఉంది. మరి నిప్పు రాజెయ్యాలి కదా."

భూషణాచారి అటు చూశాడు, ఇటు చూశాడు. వీధిలో ఎవరూ లేరని చూసుకుని, పంచె ఎగ్గట్టి, తిత్తి దగ్గర కూలబడి ఊదడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పందెం మాట ఏమైందంటావా? బిందె కొట్టే రోజు భూషణాచారి ఊదేవాడు, గంట పోసే రోజు సన్యాసాచారి ఊదేవాడు. నిన్న నువ్వు నాలుగు ఊపులు తక్కువ ఊదావని ఒకరు, కాదు నువ్వే ఆరు ఎగ్గొట్టావని ఒకరు, రోజూ పేటకంతా వినపడేలా పోట్లాడుకునేవాళ్ళు. మంచు పట్టినప్పుడు రేవు గంట మోగకపోయినా పరవాలేదు, వీళ్ళ గొంతు పట్టుకునే పడవ ఒడ్డుకొచ్చేస్తుందని గురువులు అనేవాడు.

కళ్ళు మూసుకున్నావా? ఊఁ కొట్టడం మానేశావే.

గంట రేవుకి, బిందె ఏటికి,
పోట్లాట గోడకి, పొగ గాలికి,
కథ కంచి బాటకి, కన్ను నిదర మూటకి.