నీళ్లంటే భయమున్న పేరంటాలు

అసిరయ్య గురువు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. శిష్యుడు ఏదైనా అడిగాడంటే కండువా భుజాన వేసుకుని, జముకు చంకన పెట్టుకుని, "పద" అనేవాడు. జముకు మీటుతూ ఊరూరా పేరంటాళ్ల కథలు పాడటం ఆయన వృత్తి. అర్ధాంతరంగా పోయిన ఆడపిల్లల్ని ఊరు దేవతలుగా నిలుపుకుంటుంది కదా, ఆ కథలు. ఆయన దగ్గర చేరినవాడు లింగమూర్తి. ఐదో తరగతితో బడి మానేశాడు. మీసాలొచ్చినా మనసు మాత్రం గట్టిపడలేదు. మబ్బు పట్టినా కళ్లు చెమరుస్తాయి, మబ్బు విడిచినా చెమరుస్తాయి.

ఒకనాడు అతను అడిగాడు. "గురువుగారూ, అమ్మవారు ఒక్కతే కదా. మెట్ట ఊళ్లో ఆవిడ కథ ఒకలా పాడమంటారు, సముద్రం ఒడ్డున ఇంకోలా పాడమంటారు. ఏది నిజమండీ?"

గురువు జముకు తీసి అతని చేతిలో పెట్టాడు. "రేగులవలస వాళ్లు కొత్త పేరంటాలికి కథ కట్టమని తాంబూలం పంపారు. ఈసారి నువ్వు కట్టు."

రేగులవలస వాళ్ల తాతలు వల వదిలేసి నాగలి పట్టి మెట్టకి ఎగబాకినవాళ్లు. ఒడ్డున మిగిలిన చుట్టాలతో పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం మానలేదు. అలా కోడలై వచ్చిన కాసులమ్మ పోయిన వేసవిలో ఊరి దిగుడు నూతిలో శవమై తేలింది. ఇప్పుడా నూతి గట్టున చిన్న గుడి ఉంది. గోడల మీద పసుపు ఇంకా పచ్చిగానే ఉంది.

మామగారు సూరన్న కథ చెప్పాడు. "నూతిలో నీళ్లు అడుగంటిపోనాయి బాబూ. పొద్దున్నే తలకి పోసుకుని, పసుపు చీర కట్టుకుని, 'మావా, ఊరికి నీళ్లిత్తాను, నన్ను పంపించు' అంది. నవ్వుకుంటా మెట్లు దిగింది. దాని ఎనకే నీళ్లు పైకొచ్చేసినాయి. తాగి సూడు, ఎంత తియ్యగున్నాయో."

పక్కనే చింతపండు గింజ తీస్తున్న ఆయన భార్య తల ఎత్తకుండా అంది. "కోడలంటే అలాగుండాల. ఏనాడూ ఎదురు మాటాడింది కాదు."

లింగమూర్తి దోసిలి పట్టి ఆ నీళ్లు తాగాడు. నిజంగానే తియ్యగా ఉన్నాయి. అక్కడే, గట్టు మీదే, పెళ్లిపీట ఎక్కినట్టు ఆమె మెట్లు దిగిందని పాట అల్లుకున్నాడు. అల్లుకుని తనే ఏడ్చాడు.

"బాగుంది. పుట్టింటి పసుపేదీ?" అన్నాడు గురువు.

అది కథకుల కట్టుబాటు. కన్నతల్లి తన చేత్తో జముకుకి పసుపుతాడు కట్టందే పేరంటాలి కథ గుడి ముందు పాడరాదు. ఇద్దరూ ఒడ్డుకి నడిచారు.

ఇసుకలో పడవకి రంగు వేస్తూ కాసులమ్మ మేనమామ బండియ్య ఎదురయ్యాడు. పడవ మూతి మీద చుక్కలాంటి పిల్ల బొమ్మ గీయించాడు. "ఇది మా కాసులే! గంగమ్మ కూతురు. నీళ్లే దాన్ని పిలిసినాయి, ఆ మెట్ట ఎదవలకేటి తెలుసు! పుట్టినకాడ నుంచీ సేపపిల్లే. మొన్న గాలివానలో మా ముందు నడిసి దారి సూపించింది. నిజం, నీ మీదొట్టు."

లింగమూర్తి మనసు పొంగిపోయింది. పాటలోకి సముద్రం కూడా వచ్చి చేరింది.

తల్లి దానమ్మ గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పాట మొత్తం విని, చేతులు దులుపుకుంది.

"సేపపిల్లా? ఎవురూ? తలకి పోత్తే నా మణికట్టు వదిలీది కాదు. అల సూత్తే జొరం. అందుకే కదా బాబూ, సముద్రం కనపడని ఊరికిచ్చినాను. కడవలోకి తొంగి సూడనిది, నూతిలోకి నవ్వుకుంటా దిగిందా?"

"మరేం జరిగిందమ్మా?"

"నాను సూసినానా? సూసినోళ్లందరూ ఆ ఊరోళ్లే. నాకు తెలిసింది ఒక్కటే. నా పిల్లకి నీళ్లంటే బయం. ఆ ముక్క పాటలో పెట్టు, తాడు కడతాను. పెట్టనంటావా, నీ జముకు నువ్వట్టుకుని ఎల్లిపో."

పెడతానని అతను ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆమె తాడు కట్టింది.

ఆ ముక్క మాత్రం పాటలో ఎక్కడా ఇమడలేదు. పెట్టిన చోటల్లా పాట విరిగిపోయింది. నవ్వు పక్కన నిలవలేదు, పెళ్లిపీట పక్కనా నిలవలేదు. "పాట పాడైపోతోందండీ, తీసెయ్యనా?" అని గురువుని అడిగాడు. "మాటిచ్చింది నువ్వా, నేనా?" అన్నాడాయన.

జాతరనాడు మధ్యాహ్నానికి రెండు ఊళ్లూ గుడి ముందు చేరాయి. ఒడ్డు వాళ్లు పుట్టింటి సారె తెచ్చారు. లింగమూర్తి పాడుతుంటే ఆడవాళ్లు కొంగులు నోట కుక్కుకున్నారు. నూతి మెట్ల దగ్గరికొచ్చేసరికి జముకుకున్న పసుపుతాడు వంక ఒకసారి చూసుకున్నాడు. మాట తప్పకుండా పాడాడు.

"నీళ్లంటే భయమమ్మా నా కాసులమ్మకీ..."

వెనకనుంచి గురువు వంత అందుకున్నాడు. "భయమమ్మా, భయమమ్మా..."

సూరన్న లేచాడు. "ఏటా పాట? బయమున్నోళ్లు నూతిలోకి దిగుతారేటి?" అన్నాడు. అన్నాక, తనేం అడిగాడో తనకే అర్థమైనట్టు తల వంచుకున్నాడు.

ఆ మాట అక్కడ ఇంకొక్క క్షణం నిలిచి ఉంటే ఏమయ్యేదో. ఇటునుంచి బండియ్య అరిచాడు. "మా ఇంట పుట్టిన పిల్లకి నీళ్లంటే బయమా! పడవ మీద బొమ్మెట్టుకుని తిరుగుతన్నాం, మా పరువేటైపోవాల?"

అప్పుడు దానమ్మ లేచింది. కొప్పు ఊడిపోయింది. ఒళ్లంతా కంపించిపోతోంది. "బయమే! నా పిల్ల దిగలేదు! ఎవురు తోసినారో సెప్పండి! ఎవురు తోసినారు?"

ఆ అరుపుకి జాతరకొచ్చిన డప్పులవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఇక ఎవరో ఒకరు నోరు విప్పుతారనుకున్నాడు లింగమూర్తి.

విప్పింది కాసులమ్మ అత్తగారు. "పూనకం! అమ్మొచ్చింది! తల్లి మీదకొచ్చింది!"

డప్పులు ఒక్కసారిగా మోగాయి. వేపమండలు లేచాయి. ఎవరో బిందెడు పసుపునీళ్లు దానమ్మ నెత్తిన కుమ్మరించారు. ఆమె విడిపించుకోబోయిన కొద్దీ పూనకం ఎక్కువైందన్నారు. సూరన్న ఆమె కాళ్ల మీద సాగిలపడ్డాడు.

"శాంతించు తల్లీ. వానలెప్పుడు?"

బండియ్య రెండో పాదం పట్టుకున్నాడు. "ఈ ఏడు సేపల ఏట ఎలాగుంటాది తల్లీ?"

"నీళ్లు... నా పిల్లకి నీళ్లు..." అంటూ ఆమె నేల మీద కూలబడింది. వానలు తప్పవన్నారు మెట్ట వాళ్లు. వల నిండుతుందన్నారు ఒడ్డు వాళ్లు. కొబ్బరికాయలు కొట్టారు. పొద్దు వాలేవేళకి ఆమె గొంతు పూర్తిగా పోయింది. అమ్మ శాంతించింది అనుకుని, నుదుట కుంకుమ పెట్టి, పక్కకి జరిపి కూర్చోబెట్టారు.

కథకులకి కొత్త పంచెలు పెట్టారు. లింగమూర్తి తనది గుడి గట్టు మీదే వదిలేసి వచ్చాడు. ఊరు దాటాక ఆపుకోలేకపోయాడు.

"అంత అరిచి చెప్పింది కదండీ, ఒక్కడూ వినలేదు!"

గురువు నడక ఆపలేదు.

"వినకపోవడమేంట్రా. కాళ్లకి మొక్కి మరీ విన్నారు."